ప్రశ్నలు వదిలేసిన ఊరు

అనగనగా, సముద్రం ఇంకా మనుషులతో మాట్లాడుతున్న రోజుల్లో, శంఖపట్నం అనే రేవు ఉండేది. అక్కడ పొద్దున పొగమంచు, సాయంత్రం పొగమంచు. మధ్యలో కాసేపు ఊరు కనిపించేది.

ఒక ఏడు ఆ రేవుకు పడమటి ఓడ వచ్చింది. అందులో గుర్రాలు లేవు, బంగారం లేదు. ఉన్నవన్నీ పుస్తకాలే. ఏది నిజం, ఏది మంచి, మనిషి ఎలా బతకాలి అని పడమటి జ్ఞానులు తరతరాలుగా చేసిన వాదాలు వాటిలో ఉన్నాయి. ఒకరు అడుగుతారు, ఒకరు చెబుతారు. ఓడలో వచ్చిన దుబాసీ వాటిని తెలుగు చేసి వినిపిస్తుంటే, ఊరి లేఖకులు తాటాకుల మీద రాసుకున్నారు.

అయితే ఆ లేఖకులకు ఒక అలవాటు ఉంది. "అడిగేవాడు తెలియనివాడు. తెలియనివాడి మాటకు తాటాకు దండగ" అని ప్రశ్నలన్నీ వదిలేశారు. జవాబులు మాత్రమే రాశారు. ఓడ వెళ్లిపోయింది. ఊరికి జవాబులు మిగిలాయి.

ఆ జవాబులన్నీ కంఠస్థం చేసింది పింగళ. ఆమె పడవవాడు సోముడికి చెల్లెలు. నిప్పురంగు అనే పేరుకు తగ్గట్టే మనిషీ నిప్పు. ఊళ్లో అన్యాయమన్నది రాత్రికి రాత్రే మాడిపోవాలని ఆమె ఆశ. సంత మధ్య బోర్లించిన పడవ ఎక్కి, పిడికిలి ఎత్తి గర్జించేది.

"పదిమందికి సుఖమిచ్చేదే మంచిపని!"

"కంటికి కనిపించేదంతా వట్టి నీడ!"

"నీ చేతిలో లేనిదానికి ఏడవకు!"

పిల్లలు ఆ మాటలు పాడుకుంటూ తిరిగేవారు. పెద్దలు వాడుకునేవారు. "చేప కుళ్లిందేమిటే?" అని అడిగితే, "కనిపించేదంతా నీడే వదినా, తీసుకో!" అనేది చేపలమ్మే ఆవిడ.

ఒక్క సోముడు మాత్రం నవ్వేవాడు.

"చెల్లీ, పులుసులో ఉప్పు లేదే."

"నీ చేతిలో లేనిదానికి ఏడవకు అన్నా."

"ఉప్పు చేతికి అందేచోటే ఉంది కదే, పిచ్చిదానా!" అని తనే తీసి వేసుకునేవాడు.

ఆ ఏడాది నువ్వుల పంట పోయింది. ఊరంతటికీ ఒక్క బాన నూనె మిగిలింది. రేవు కొనన ఉన్న దీపస్తంభం వెలగాలంటే ఆ నూనె కావాలి. ఇంతలో ఒక సాయంత్రం రాజు ధవళసేనుడి పుట్టినరోజు వచ్చింది. వీధివీధినా దీపాలు వెలిగించాలంటే కూడా ఆ నూనే కావాలి. బానను కోటకు మోసుకుపోయారు.

సోముడి పడవ ఇంకా సముద్రం మీదే ఉంది. పొగమంచు దిగుతోంది. నీళ్లేవో, ఆకాశమేదో తెలియడం లేదు.

పింగళ కోటకు పరుగెత్తింది. "మహారాజా! మా అన్న ఇంకా రాలేదు. దీపం లేకపోతే పడవ రాళ్లకు కొట్టుకుంటుంది!"

రాజు చిరునవ్వు నవ్వాడు. "పదిమందికి సుఖమిచ్చేదే మంచిపని కదమ్మా. ఊరంతా పండుగ కోరుతోంది. మీ అన్న ఒక్కడు."

"అటు చూడండి ప్రభూ, ఎంత పొగమంచో!"

మంత్రి గడ్డం దువ్వుకున్నాడు. "కనిపించేదంతా వట్టి నీడ. నీ పాఠమే, మరిచిపోయావా?"

"మునిగిపోతాడయ్యా!"

చుట్టూ ఉన్న జనం పాట అందుకున్నట్టు ఒక్క గొంతుతో అన్నారు. "నీ చేతిలో లేనిదానికి ఏడవకు!"

అన్నీ తన మాటలే. అల వెనక్కి వచ్చినట్టు వచ్చి ఆమెనే ముంచాయి. కోపం ఎవరి మీద చూపాలో తెలియక పింగళ ఒడ్డుకు నడిచింది.

ఆరిపోయిన దీపస్తంభం మీద ఒక ముసలి గూడబాతు కూర్చుని ఉంది. "ఏడుస్తున్నావా పిల్లా?" అంది.

"నాకన్నీ తెలుసు. ఒక్కటీ పనికి రాలేదు" అంది పింగళ.

"నీకు తెలిసింది సగం. ఆ దుబాసీ చదివినప్పుడు నేను ఓడ తెరచాప కొయ్య మీదే ఉన్నాను. జవాబు వింటే నాకు నిద్ర పట్టేది. ప్రశ్న వింటే పట్టేది కాదు. అందుకే ప్రశ్నలే గుర్తున్నాయి." గూడబాతు కళ్లు మూసుకుంది. దాని గొంతు మంచులో కలిసిపోయి, సముద్రమే మాట్లాడినట్టు వినిపించింది. "పదిమంది సుఖం సరే, పదకొండోవాడి ప్రాణం తీసే హక్కు ఎవరిచ్చారు? అదొకటి. అంతా నీడే అయితే, ఆ నీడను పడేసే వెలుగెక్కడ? అదొకటి."

"మూడోది?"

"గాలికి పోయింది తల్లీ. నువ్వే వెతుక్కో."

పింగళ తిరిగి కోటకు చేరేసరికి రాజు మెట్ల మీద నిలబడి ఉన్నాడు. చేతిలో నూనె చెంబు. మొదటి ప్రమిదలో పోయబోతున్నాడు.

ఈసారి ఆమె గర్జించలేదు. మెల్లగా అడిగింది. "మహారాజా, పదిమంది సుఖం సరే. పదకొండోవాడి ప్రాణం తీసే హక్కు ఎవరిచ్చారు?"

రాజు మంత్రి వైపు చూశాడు. మంత్రి నేల వైపు చూశాడు.

"అంతా నీడే అయితే, ఆ నీడను పడేసే వెలుగెక్కడ?"

జనం తమకు తెలియకుండానే చీకటిగా ఉన్న దీపస్తంభం వైపు తలలు తిప్పారు.

మూడో ప్రశ్న లేదు. పింగళ నోరు తెరిచి ఆగిపోయింది. అప్పుడు నూనె చెంబు పట్టుకున్న రాజు చేయి కంటబడింది. పులుసు గిన్నె ముందు నవ్వే అన్న గుర్తొచ్చాడు.

"సముద్రం మీ చేతిలో లేదు ప్రభూ, నిజమే. మరి మీ చేతిలో ఉన్నదేమిటి?"

రాజు తన చేతిని తనే చూసుకున్నాడు, మొదటిసారి చూస్తున్నట్టు. తర్వాత చెంబుతోనే మెట్లు దిగి, రేవు వైపు నడిచాడు. వెనక బాన కదిలింది. దాని వెనక ఊరు కదిలింది.

దీపం వెలిగింది. మంచు బంగారు రంగు తిరిగింది. ఆ వెలుగులోంచి, కలలోంచి వచ్చినట్టు, సోముడి పడవ వచ్చింది.

"ఏమే, ఊరంతా ఇక్కడే ఉంది! ఎవరైనా పోయారా?" అన్నాడు సోముడు.

"లేదన్నా" అంది పింగళ, ఏడుస్తూ నవ్వుతూ. "ఎవరూ పోలేదు."

ఆ తర్వాత కూడా ఆమె బోర్లించిన పడవ ఎక్కింది. అయితే పిడికిలి విప్పి, "మీరేమంటారు?" అని అడిగింది. లేఖకులు ప్రతి జవాబుకు ముందు ఒక తాటాకు ఖాళీగా వదలడం నేర్చుకున్నారు, చదివేవాడి ప్రశ్న కోసం.

పిల్లలూ, జవాబు ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకోవచ్చు; ప్రశ్న మాత్రం ఎవరికి వారే అడగాలి.