కంటకయ్య రాసిన చెడుగుడు పిలుపులు

అనగనగా, చెప్పేవాడికి నమ్మకమూ వినేవాళ్ళకి ఓపికా ఉన్న రోజుల్లో, ఒక కొండవార అడవిలో కంటకయ్య అనే ముళ్ళపంది ఉండేవాడు. తనంత అణకువ గలవాడు ఆ అడవిలోనే లేడని ఆయన నమ్మకం. ఎందుకంటే, తన చేతిరాత ముత్యాల్లా ఉంటుందని రోజంతా అనిపిస్తున్నా, పైకి మాత్రం అప్పుడప్పుడే అనేవాడు. ఎవరి దగ్గరా చదువుకోలేదు. తన ముల్లే కలం, నేరేడు రసమే సిరా.

ఆయనకు ఒక్కతే కూతురు, ములికి. ఆ పిల్లకు చెడుగుడంటే ప్రాణం. తను కూతకు వెళ్ళిందంటే చాలు, అవతలి జట్టంతా బరి వదిలి పరుగో పరుగు. పట్టుకుంటే ముళ్ళు గుచ్చుకుంటాయి మరి! గెలిచి గెలిచి ములికి మొహం వాడిపోయింది. రానురాను ఆమెను ఆటకు పిలవడమే మానేశారు.

పుట్టినరోజు దగ్గర పడింది.

"ఏం కావాలి తల్లీ?" అన్నాడు కంటకయ్య.

"అందరూ మనింటికి రావాలి నాన్నా. ఒక్కసారైనా నన్నెవరైనా పట్టుకోవాలి. నేను ఓడిపోవాలి."

కంటకయ్య మీసం దువ్వుకుని, "ఓస్, అంతేనా! నా పిలుపులు చూశారంటే అడవి అడవంతా కదిలి వస్తుంది" అన్నాడు.

మోదుగాకులు ఏరి తెచ్చాడు. ఒక్కో ఆకు మీద చెడుగుడు బరి గీశాడు. నడుమ గీత, అటూ ఇటూ ఆటగాళ్ళు. కూత పెడుతూ కాలెత్తి దూకుతున్నట్టు ములికిని వేశాడు. ముళ్ళు మాత్రం వేయలేదు. వేస్తే రారేమోనని భయం. అంచులకు పసుపు అద్దాడు. అడుగున ములికి పేరు, దానికన్నా కాస్త పెద్దగా తన పేరు రాశాడు. చదివేవాళ్ళు కళ్ళు చికిలించుకోకూడదని!

"కూర్మి వాళ్ళకో?" అంది ములికి. కూర్మి ఏటి ఒడ్డున ఉండే తాబేటి పిల్ల.

"తాబేళ్ళకి చెడుగుడేమిటమ్మా? ఈ బొమ్మ పంపితే ఎగతాళి చేశామనుకుంటారు."

ములికి కుంకుమభరిణె తీసుకుని ఏటివైపు నడిచింది.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. ఇంటివాళ్ళు గడప దాకా వచ్చి, బొట్టు పెట్టి, "రండి" అని నోరారా అంటేనే పిలిచినట్టు. ఆ సంగతి కంటకయ్యకు తెలియక కాదు. ఆయన ఎదురుపడితే చాలు, ఎవరైనా ఒక అడుగు వెనక్కి వేస్తారు. కావాలని కాదు, కాళ్ళు వాటంతటవే జరుగుతాయి. ఆ ఒక్క అడుగు చూడలేడు కంటకయ్య. ఆకులైతే గడపలో పెట్టి వచ్చేయొచ్చు.

కుందేలు గడపలో ఒక ఆకు పెట్టి, పైన రాయి ఉంచి, పరుగెత్తాడు. దుప్పి ఇంటి ముందు ఒకటి పెట్టి, పరుగెత్తాడు. కోతి చెట్టు మొదట్లో ఒకటి గుచ్చి, పరుగెత్తాడు.

పుట్టినరోజు వచ్చింది. వాకిట్లో బూడిదతో బరి గీశారు. దుంపల పాయసం కాచారు. పొద్దు నడినెత్తికి వచ్చింది. ఎవరూ రాలేదు. పాయసం మీద మీగడ కట్టింది. ములికి నడిగీత దగ్గర కూర్చుని దారివైపే చూస్తోంది.

"చూసొస్తానుండు" అని బయలుదేరాడు కంటకయ్య. భరిణె కూడా పట్టుకున్నాడు.

కుందేలు ఇంట్లో ఆకును గోడకు వేలాడదీశారు. పొద వెనక దాక్కున్న ఆయనకు మాటలు వినిపించాయి.

"ఎంత బాగుందమ్మా! మనం వెళ్దామా?"

"ఎలా వెళ్తామే? దొంగలా గడపలో పడేసి పోయాడు. మన మొహం చూడడం ఇష్టం లేదేమో."

కంటకయ్య నోరు తెరిచాడు. వెంటనే మూసేసుకున్నాడు. ముందుకు నడిచాడు.

దుప్పి ఇంట్లో ఆకును తినేశారు. "రుచి బాగుంది. పిలిస్తే వెళ్ళేవాళ్ళం" అంటోంది దుప్పి.

కోతిపిల్లలు ఆకు మీది ఆటగాళ్ళ చుట్టూ మూగి కేరింతలు కొడుతున్నాయి. "మీకేం సిగ్గులేదా? పిలవని పేరంటానికి ఎగురుతున్నారు!" అని తల్లి కసురుతోంది.

కంటకయ్య అక్కడా పొద వెనకే కుంకుమ పట్టుకుని నిలబడ్డాడు. ఒక్క మాట అంటే చాలు. ఆ మాట నాలుక దాకా వచ్చింది, అక్కడే ఆగింది. వెనుదిరిగాడు.

"అందరికీ ఒంట్లో బాగోలేదట తల్లీ."

ములికి తండ్రి చేతిలో మూత తీయని భరిణె చూసింది. "నువ్వు పిలవలేదు కదూ నాన్నా?"

కంటకయ్య తల దించుకున్నాడు.

పొద్దు వాలింది. బరి మీద బూడిద గాలికి చెరిగిపోతోంది. అప్పుడు దారిలో గులకరాళ్ళు కదిలాయి. నుదుట ఎర్రని బొట్టుతో, ఆయాసపడుతూ కూర్మి వచ్చింది.

"తెల్లారగానే బయలుదేరానే. ఆట అయిపోయిందా?"

"ఇంకా మొదలే కాలేదు!" అంది ములికి.

చెడుగుడు, చెడుగుడు అంటూ గీత దాటింది ములికి. కూర్మి పరుగెత్తలేదు. ఎటూ పరుగెత్తలేదు కదా! కాలు దొరకబుచ్చుకుని పట్టు పట్టింది. ముళ్ళు చిప్ప మీద టకటకమని మోగాయి. ములికి గింజుకుంది. కూత ఆగిపోయింది.

"అవుట్!" అంది కూర్మి.

"నాన్నా! నన్ను పట్టుకున్నారు!" మట్టిలో పడి నవ్వుతోంది ములికి. కంటకయ్య చల్లారిన పాయసం వడ్డించడానికి లోపలికి వెళ్ళి, చాలాసేపు బయటికి రాలేదు.

ఆ తర్వాతి పుట్టినరోజులకు ఆయన బొమ్మల్లో ములికికి ముళ్ళు వేయడం నేర్చుకున్నాడు. తన పేరు చిన్నగా రాయడమూ కొంతవరకు నేర్చుకున్నాడు. భరిణె పట్టుకుని కుందేలు గడప దాకా వెళ్తాడు కూడా. అక్కడ నిలబడి "రండి" అనడం మాత్రం ఇప్పటికీ నేర్చుకోలేదు.

పిల్లలూ, రాత ఎంత అందంగా ఉన్నా, ఎదుట నిలబడి నోరారా అన్నప్పుడే అది పిలుపవుతుంది.