మంటకి ముందే అచ్చయిన పాట

ముగింపు కుదరక బాస్తియన్ పొద్దుటి నుంచి రొట్టె కూడా ముట్టలేదు.

అతను పాటగా రాస్తున్నది పెరీన్ కథ. పాత కాలపు ఫ్రాన్సులో, ఒక చిన్న పట్టణంలో, పెరీన్ మంత్రసాని. పెద్దింటి బిడ్డ పురిట్లోనే పోతే చేతబడి చేసి చంపిందని ఆమె మీద నేరం మోపారు. గొంతులో కుండల కొద్దీ నీళ్ళు పోసి హింసించారు. ఒప్పుకోలేదు. అయినా శిక్ష పడింది. మర్నాడు ఊరి నడిబొడ్డున కాల్చేస్తారు.

ఆమె కోసం న్యాయమూర్తులకి విన్నపాలు రాసి రాసి ఓడిపోయినవాడు ఒనొరా అనే ముసలి వకీలు. ఆయన బాస్తియన్‌కి గురువు. కోర్టు భాష జనానికి తెలిసేది కాదు. అందుకని ఆయన తాను చూసిన నేరాల విచారణలన్నీ ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో రాసేవాడు. అలా రాయడం నేర్చుకుందామనే బాస్తియన్ ఆయన దగ్గర చేరాడు.

"గురువుగారూ, అచ్చువాడు సాయంత్రానికల్లా పాట కావాలంటున్నాడు. పెరీన్ చివరి మాట నాకెలా తెలుస్తుంది?"

"రేపు తెలుస్తుంది. రేపు రాయి."

"రేపటికి జనం చూసేసి ఇళ్ళకి పోతారండీ. పాట కాగితం కొనేది మంట చుట్టూ నిలబడినప్పుడే కదా!"

"అయితే చివరి మాట లేకుండా రాయి."

"తల లేని బొమ్మ ఎవరు కొంటారు? మీ పుస్తకాల్లాగా అవుతుంది. ఎంత నిజమో అంత దుమ్ము." అనేసి బాస్తియన్ నాలిక కరుచుకున్నాడు.

ముసలాయన నవ్వాడు. "దుమ్ము మాట నిజమే," అన్నాడు.

బాస్తియన్ రాశాడు. పెరీన్ మోకాళ్ళ మీద పడి, "నేనే చంపాను తల్లులారా, నన్ను చూసి బుద్ధి తెచ్చుకోండి" అని ఏడ్చే చరణం. రాస్తూ తనూ ఏడ్చాడు. ఇంత బాగా ఎప్పుడూ రాయలేదనుకున్నాడు.

తెల్లవారాక గురువు టోపీ పెట్టుకుని, "పద," అన్నాడు.

జనాన్ని తోసుకుంటూ తీసుకెళ్ళి, బండి వచ్చే దారి పక్కన, పాట కాగితాలు అమ్మే ఆవిడ పక్కనే శిష్యుణ్ణి నిలబెట్టాడు. ఇంకేమీ చెప్పలేదు. ఆవిడ గొంతెత్తి బాస్తియన్ పాట పాడుతోంది. ఆడవాళ్ళు ముక్కు చీదుకుంటూ కొనుక్కుంటున్నారు.

పెరీన్ బండి వచ్చింది. ఒంటి మీద శిక్ష పడినవాళ్ళకి తొడిగే తెల్ల చొక్కా, చేతుల్లో క్షమాపణకి గుర్తుగా పట్టించిన పెద్ద మైనపు వత్తి. జనం అడ్డంగా ఉండి బండి సరిగ్గా అక్కడే ఆగిపోయింది. ఆమె మెడ వంచి పాట వింది. చివరి చరణం దాకా వింది.

"అయ్యగారూ," అంది ఒనొరాని చూసి. "ఆ పాటలో పెరీన్ నేనేనా?"

"నువ్వేనమ్మా."

"ఒప్పేసుకున్నానా?"

ఆయన తల దించుకున్నాడు.

"ఎంత బాగా ఏడ్చానో! నీళ్ళు పోసినప్పుడు కూడా నాకు అంత బాగా రాలేదు ఏడుపు."

బండి కదిలింది. ఆమె వెనక్కి తిరిగి అడిగింది. "నేను చెయ్యలేదని మీకైనా గుర్తుంటుందా?"

"ఉంటుంది," అన్నాడు ఒనొరా.

కట్టెల దగ్గర పాదిరీ ఆమె చివరి మాట కోసం వంగాడు. పాట హోరులో ఎవరికీ వినపడలేదు. బండి వెంట పరిగెత్తుకెళ్ళిన బాస్తియన్‌కి మాత్రం వినపడింది.

"మా మేకకి ఎవరైనా నీళ్ళు పెట్టండి."

అంతే. తరవాత తలారి ఒక సంచి తెచ్చి మంటలో వేశాడు. చేతబడి లాంటి నేరాలు లోకానికి గుర్తు కూడా ఉండకూడదని, మనిషితో పాటు విచారణ కాగితాలన్నీ కాల్చెయ్యడం ఆ కాలపు ఆచారం. సాక్షుల మాటలు, పెరీన్ కాదు కాదన్న మాటలు, ఒనొరా రాసిన విన్నపాలు, అన్నీ అందులోనే ఉన్నాయి.

బాస్తియన్ ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు రాశాడు. అచ్చువాడు చదివి తిరిగిచ్చేశాడు. "పాత పాటే ఇంకా అమ్ముడుపోతోందయ్యా. మేక గురించి ఎవడు పాడతాడు?"

వీధుల్లో పిల్లలు తాడాట ఆడుతూ కూడా పాత పాటే పాడేవారు.

చలికాలం వచ్చింది. ఒనొరా మర్చిపోవడం మొదలుపెట్టాడు. ముందు తాళంచెవులు, తరవాత స్నేహితుల పేర్లు, ఆ తరవాత కోర్టుకి దారి. ఒక పొద్దున పొయ్యి దగ్గర కూర్చుని ఏదో కూనిరాగం తీస్తున్నాడు. పాలు తెస్తున్న బాస్తియన్ గుమ్మంలోనే ఆగిపోయాడు. అది తన చరణం.

"పాపం, చివరికి ఒప్పుకుందిలే ఆ పెరీన్," అన్నాడు ముసలాయన. "మనసు తేలికపడి ఉంటుంది."

బాస్తియన్ ఆయన కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "లేదండీ. ఒప్పుకోలేదు. ఆ మాట నేను కల్పించింది." మొదటి నుంచీ చెప్పాడు. పురిటి గది, నీళ్ళు, మైనపు వత్తి, మేక.

ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. "గుర్తుంటుందని ఆమెకి మాటిచ్చాను కదూ?"

"ఇచ్చారు."

మర్నాడు పొద్దున మళ్ళీ అదే కూనిరాగం. బాస్తియన్ మళ్ళీ చెప్పాడు. ఆ మర్నాడూ అంతే. చలికాలమంతా అంతే.

ఒకరోజు చెబుతూ చెబుతూ బాస్తియన్ ఆగిపోయాడు. బండి మీద ఆమె నిలబడి ఉందా, కూర్చుని ఉందా? మంట దగ్గర మోకాళ్ళ మీద పడిందా? లేదు, అది పాటలోది. పాటలోదేనా? నోరు తెరిస్తే తన చరణమే వస్తోంది. నిజం రాసుకున్న కాగితం ఎప్పుడో పోయింది; తలలో ఎంత వెతికినా మిగతాది దొరకడం లేదు.

"గురువుగారూ," అన్నాడు. "నాకూ గుర్తు పోతోందండీ."

ఒనొరా అతని వంక చూశాడు. గుర్తుపట్టాడో లేదో తెలియలేదు. కాళ్ళ మీది కంబళి కొస ఎత్తి, పొయ్యి వెచ్చదనం తగిలేలా కొంచెం జరిగి, పక్కన చోటిచ్చాడు.

"నేను మర్చిపోయాను," అన్నాడు. "మళ్ళీ చెప్పు."