చారల చేప వణుకు

ఒకప్పుడు చారల చేపలకి వణుకంటే ఏమిటో తెలీదు.

నారింజరంగు ఒళ్ళు, దానిమీద తెల్లని చారలు, వేలెడంత పొడుగు. అవి ఉండేది కడలిపువ్వులో. ఆ పువ్వుకి ఉండేవి రేకులు కావు, కుట్టే వేళ్ళు. ఎవరు తాకినా చురుక్కుమనిపిస్తుంది. చారల చేపల జిగురు ఒంటిని మాత్రం ఏమీ అనదు. పువ్వు లోపల ఉన్నంతసేపే వాటి బతుకు. బయటికొస్తే ఇక అంతే.

పిసరు అనే బుల్లి మగచేప ఇప్పుడు బయటే ఉన్నాడు. తుపానొచ్చి వాడి పువ్వుని రాయితో సహా ఎత్తుకుపోయింది. నీళ్ళన్నీ బురద. మూరెడు దూరంలో ఏముందో కనబడదు. పాపం, ఒక్కో రాయి చాటునా దాక్కుంటూ ఇల్లు వెతుక్కుంటున్నాడు.

ఓ బొరియలోంచి మలుగుపాము, చిన్న చేపల్ని మింగే పాములాంటి చేప, తల బయటపెట్టింది.

"రా నాయనా, రా! మా ఇల్లు ఖాళీగానే ఉంది. పొట్ట కూడా ఖాళీయే," అంది మెల్లగా.

పిసరు వెనక్కి చూడకుండా ఈదాడు. మలుగు వెంటపడింది. ఎదురుగా ఏదో ఊగుతోంది. పువ్వు! హమ్మయ్య అనుకుని దూరబోయాడో లేదో, లోపల్నుంచి ఓ పెద్ద చారల చేప దూసుకొచ్చి వాడి రెక్క కొరికింది.

"ఎవడ్రా అది? దగ్గరికొచ్చావంటే చీరేస్తా!"

ఆ చేప పేరు కెంపి. మొన్నమొన్నటిదాకా దానికో చెల్లెలుండేది. ఇలాగే నీళ్ళు మసగ్గా ఉన్న రోజున ఏదో నీడ పువ్వు అంచుదాకా వచ్చింది. కదల్లేదు, మెదల్లేదు. ఎవరో చుట్టమనుకుని చెల్లెలు పలకరించబోయింది. ఒక్క గుటక! ఆ తర్వాత కెంపి ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. జత కడతామంటూ రొమ్ము విరుచుకుని వచ్చిన మగచేపల్ని కూడా కొరికి తరిమింది. బురదలో ఏది చుట్టమో, ఏది మలుగో ఎలా తెలుస్తుంది మరి?

"కరవకండి! నేనూ చారల చేపనేనండీ!"

"అందరూ అలాగే అంటారు. ఫో!"

ముందు కెంపి పళ్ళు. వెనక మలుగు నోరు. పిసరుకి ఎటు పోవాలో తోచలేదు. తలనుంచి తోకదాకా గడగడా వణకడం మొదలుపెట్టాడు. సిగ్గేసి బిగబట్టుకున్నాడు గానీ వణుకు ఆగితేగా! ఓ పక్కకి ఒరిగిపోయి మరీ వణికాడు.

కరవబోయిన కెంపి టక్కున ఆగింది.

"ఏమిట్రా ఆ ఊగడం?"

"భయమేస్తోందండీ."

"ఎవరంటే?"

"వెనక మలుగంటే. ముందు మీరంటే."

కెంపికి ఆ నీడ గుర్తొచ్చింది. అది వణకలేదు. తినడానికి వచ్చేది ఎందుకు వణుకుతుంది?

"లోపలికి దూరు! తొందరగా!" అని అరిచింది.

పిసరు దూరాడు. వెంటపడి వచ్చిన మలుగు మూతిని పువ్వు చురుక్కుమనిపించింది. అది తిట్టుకుంటూ వెనక్కి పోయింది.

లోపల ఇద్దరూ ఒకరినొకరు ఆనుకుని ఉండిపోయారు. కాసేపటికి పిసరుకి ఒక సంగతి తెలిసింది. కెంపి కూడా వణుకుతోంది.

"మీకూ భయమేనా?"

"నోర్ముయ్," అంది కెంపి. కానీ పక్కకి జరగలేదు.

అలా జత కుదిరింది. పువ్వు అడుగున ఉన్న రాయికి గుడ్లు అంటించారు. పిసరు వాటికి రెక్కలతో విసనకర్రలా విసిరేవాడు, కెంపి కాపలా కాసేది.

ఓ రోజు పిసరు పువ్వు పక్కనే మేతకి వెళ్ళి, ఇంటిపెద్దలా దర్జాగా, తిన్నగా లోపలికి వచ్చేశాడు. కెంపి మీదపడి వాడి తోక కొరికేసింది.

"నేనే కెంపీ, నేనే!"

"వణక్కుండా వచ్చావేం? మలుగనుకున్నా!"

"మనింటికి మనం రావడానికి కూడా వణకాలా?"

"వణకాలి," అంది కెంపి, గుడ్లకి అడ్డంగా నిలబడి. "నువ్వు వణికితేనే నా గుండెదడ తగ్గుతుంది."

అప్పటినుంచే చారల చేపల్లో చిన్నదైన మగది, పెద్దదైన ఆడదాని దగ్గరికి వచ్చేటప్పుడు ఓ పక్కకి ఒరిగి ఒళ్ళంతా వణికిస్తుంది. గాజుతొట్టెలో ఈ చేపల్ని పెంచేవాళ్ళు రెండింటిని కలిపి వదిలి, ఊపిరి బిగబట్టి చూస్తారు. పెద్దది మీదికి దూకుతుంది. చిన్నది వణికిందా, జత కుదిరినట్టే. వణకలేదా, గబగబా వల ముంచి దాన్ని తీసేస్తారు. ఆలస్యమైతే తియ్యడానికి ఏమీ ఉండదు.