ముప్ఫై ఒక్క సోమవారాలు

వేదాద్రి గారి దగ్గర పని నేర్చుకున్న మాకు ఒక కట్టుబాటు ఉండేది. ప్రశ్న అడగాలంటే కుర్చీ వెనక్కి తిప్పుకుని, కంప్యూటర్ తెరకు వీపు పెట్టి అడగాలి. తెర చూస్తూ అడిగే ప్రశ్నకు జవాబు ఆ తెరలోనే దొరుకుతుంది, దానికి తానెందుకని ఆయన వాదన. సంస్థల కంప్యూటర్లలోకి ఎవరు చొరబడుతున్నారో కనిపెట్టి అడ్డుకోవడం మా విద్య. రోజుకు వేల హెచ్చరికలు వచ్చిపడే గదిలో వీపు తిప్పి కూర్చోవడమంటే మాకు ముళ్ళ మీద కూర్చున్నట్టుండేది. ఆయన మాత్రం పెళ్ళిపందిట్లో పెద్దమనిషిలా తీరిగ్గా కూర్చునేవారు.

మాలో అందరికన్నా చురుకైనది యశస్విని. ఒక ఉదయం ఆమె కుర్చీ తిప్పుకుని అడిగింది.

"సార్, గోడ దూకి వచ్చేవాణ్ణి పట్టుకోవచ్చు. మనవాళ్ళలో ఒకరి పేరుతో, సరైన పాస్‌వర్డ్‌తో దర్జాగా వచ్చేవాణ్ణి ఎలా గుర్తుపట్టాలి?"

ఈ ప్రశ్నకు మా పుస్తకాల్లో పద్నాలుగు సూత్రాలున్నాయి. అవన్నీ ఆమెకు కంఠతా వచ్చు. ఆమెకు వచ్చని గురువుగారికీ తెలుసు. అందుకే కాబోలు, సూత్రాల జోలికి పోకుండా ఒక సంగతి చెప్పారు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, నా కవిత్వం ఏమీ కలపలేదు.

కాకినాడలో ఒక కంటి ఆసుపత్రి. అక్కడి కంప్యూటర్లకు కాపలా సువర్చల అనే ఆవిడ. తొమ్మిదేళ్ళ అనుభవం, చీమ చిటుక్కుమన్నా పట్టేసేది. ఆమె భర్త ఫణీంద్ర అదే ఆసుపత్రిలో రోగుల రికార్డులు చూసేవాడు. ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌కు వెళ్తూ మెట్ల మీద కూలబడ్డాడు, మళ్ళీ లేవలేదు. గుండె.

ఉద్యోగం మానేసినవాళ్ళ ఖాతాలు, పోయినవాళ్ళ ఖాతాలు వెంటనే మూసేయాలన్నది అక్కడి నిబంధన. ప్రతి సోమవారం ఆ జాబితా సువర్చల బల్ల మీదకే వచ్చేది. మిగతా పేర్లన్నీ చకచకా మూసేది. భర్త పేరు దగ్గర మాత్రం "పరిశీలనలో ఉంది" అని రాసి పై వారానికి తోసేది. పరిశీలించడానికి ఏముంది పాపం! సిబ్బంది మాట్లాడుకునే చాట్‌లో ఆయన పేరు పక్కన, పోయిన రోజు ఆయన పెట్టుకున్న మాట అలాగే ఉండిపోయింది: "భోజనానికి వెళ్తున్నాను. పది నిమిషాల్లో వస్తాను." ఖాతా మూస్తే ఆ పేరూ పోతుంది, ఆ మాటా పోతుంది. రోజూ పొద్దున్నే వచ్చి, భుజం మీద బ్యాగు దించకముందే ఆమె దాన్ని ఒకసారి చదువుకునేది. ఆయన చొక్కాలు ఇచ్చేయగలిగింది, చెప్పులు ఇచ్చేయగలిగింది. ఇది మాత్రం ఆమె వల్ల కాలేదు.

అలా ముప్ఫై ఒక్క సోమవారాలు గడిచాయి. ఆ వారమే గురువారం, పన్నెండున్నర వేళ, ఆ పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలిగింది.

ఎవరు వెలిగించారో ఆమెకు అదే క్షణంలో తెలిసిపోయింది. ఫణీంద్ర ఏదో షాపింగ్ వెబ్‌సైట్‌లో కూడా ఇదే పాస్‌వర్డ్ పెట్టుకుని ఉంటాడు. అక్కడ దొంగిలించినవాడు తెచ్చి ఇక్కడ తాళం తిప్పాడు. చేయాల్సింది కూడా తెలుసు. ఒక్క నొక్కు నొక్కితే ఖాతా మూతపడుతుంది. ఆమె నొక్కలేదు. చాట్ తెరిచి, "తిన్నారా?" అని రాసింది.

కాసేపటికి జవాబు వచ్చింది. "తిన్నాను. నువ్వు?"

గడుసువాడే. పాత సంభాషణలు తిరగేసి, మొగుడు పెళ్ళాంతో ఎలా మాట్లాడేవాడో అచ్చం అలాగే రాశాడు. అబద్ధమని తెలిసీ సువర్చల ఆ రెండు మాటలూ మూడుసార్లు చదివింది. ఏడు నెలలుగా ఆ పేరు కింద ఒక కొత్త అక్షరం పడితే చాలని ఎదురుచూసిన మనిషి. "ఇంకా లేదు" అని రాసింది.

"మెయిన్ సర్వర్ తెరుచుకోవడం లేదు. నీ పాస్‌వర్డ్ కాస్త పంపు" అని వచ్చింది.

ఈలోగా పక్క తెర మీద, ఎవరూ తెరవలేకుండా, అతను రోగుల రికార్డులకు ఒక్కొక్కదానికీ తాళం వేసుకుంటూ పోతున్నాడు. ఆ రోజు పదకొండు మంది కళ్ళలో చుక్కల మందు వేయించుకుని ఆపరేషన్‌కు సిద్ధంగా పడుకుని ఉన్నారు. ఎవరికి ఏ కంటికి చేయాలో, ఏ లెన్స్ పెట్టాలో ఆ రికార్డుల్లోనే ఉంది. నాలుగు పోయాయి. ఐదోది పాలెపు అప్పలనరసమ్మ, యాభై ఎనిమిదేళ్ళు, ఎడమ కన్ను. వెంట వచ్చినవారు: భర్త.

సువర్చల చూపు ఆ గడి దగ్గర ఆగిపోయింది. కింద వరండాలో, బెంచీ మీద కూర్చుని, ఆపరేషన్ గది తలుపు వంకే చూస్తూ ఉంటాడు ఆయన. లోపలికి వెళ్ళిన మనిషి ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూడటం ఎలా ఉంటుందో ఆమెకు ఒకరు చెప్పాలా? చాట్‌లో "ఉంటానండీ" అని రాసింది. ఖాతా మూసేసింది.

ఆ తర్వాతదంతా మామూలు పని. అతను చొరబడిన కంప్యూటర్లను విడదీయడం, అందరి పాస్‌వర్డ్‌లూ మార్పించడం, తాళం పడిన నాలుగు రికార్డులనూ ముందురోజు నకళ్ళలోంచి తిరిగి తేవడం. ఆపరేషన్లు రెండు గంటలు ఆలస్యంగా మొదలయ్యాయి. పదకొండూ సవ్యంగానే జరిగాయి.

సాయంత్రం నివేదిక రాయాలి. అందులో, చుక్క వెలిగినప్పటి నుంచి ఖాతా మూసేదాకా పట్టిన నాలుగు నిమిషాల ఆలస్యానికి కారణం అడిగే గడి ఒకటి ఉంది. సాంకేతిక లోపం అని రాసేస్తే అడిగే నాథుడు లేడు. సువర్చల ఇలా రాసింది: "ఆయన వచ్చారనుకోలేదు. రావాలని కోరుకున్నాను."

అంతవరకు చెప్పి గురువుగారు ఆగారు. యశస్విని అంత తేలిగ్గా వదిలే రకం కాదు.

"ముప్ఫై ఒక్క వారాలు ఆ జాబితాను పైవాళ్ళెవరూ చూడలేదా సార్?"

"ఎందుకు చూడలేదమ్మా! వారం వారం చూసి, కింద సంతకం పెట్టిన పైవాణ్ణి నేనే. ఫణీంద్రా నేనూ ఒకే బల్ల దగ్గర క్యారేజీలు విప్పుకునేవాళ్ళం. ఆ నివేదిక చదివి, పై సోమవారం సువర్చలనే మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోబెట్టిందీ నేనే."

యశస్విని తల దించుకుంది. అయినా అడగదలచుకున్నది అడగకుండా ఉండలేకపోయింది. "తప్పుగా అనుకోకండి సార్. కారణం గడిలో అలా రాసిచ్చిన మనిషిని మళ్ళీ ఆ కాపలా కుర్చీలో ఎలా కూర్చోబెట్టారు?"

గురువుగారు లేచి, ఆమె కుర్చీని మళ్ళీ తెర వైపు తిప్పారు.

"మరెవరిని కూర్చోబెట్టమంటావు?" అన్నారు.