గైడు గారికి కబురు

దమయంతి మేడమ్‌ని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆవిడ జవాబు చెప్పరు. లేచి చెప్పులు వేసుకుంటారు. జవాబు ఎక్కడుంటే అక్కడికి తీసుకెళ్ళి చూపిస్తారు. ఈ సంగతి యూనివర్సిటీలో ఆవిడ దగ్గర చదివిన వాళ్ళందరికీ తెలుసు. తెలిసి కూడా ఆ రోజు ఫణీంద్ర నిప్పులు కక్కుతూ ఆవిడ గదిలోకి వచ్చాడు.

ఫణీంద్ర ఆవిడ దగ్గరే పీహెచ్‌డీ చేశాడు. పరిశోధనలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఒకరినొకరు సలహాలు అడగడానికి ఆన్‌లైన్‌లో ఒక వేదిక నడుపుతున్నాడు. దాని పాత రూపం నాటుగా ఉండేది. మారుపేర్లు, గజిబిజి రాతలు, ఏడుపులు, తిట్లు. అయినా పొద్దస్తమానం సందడే. దాన్ని మొత్తం విప్పి మళ్ళీ కట్టాడు. అసలు పేరు, ఫొటో, గైడు పేరు పెట్టి తీరాలన్నాడు. ఎవరు ఏ ప్రశ్న అడిగినా వాళ్ళ గైడుకు వెంటనే కబురు వెళ్ళే ఏర్పాటు కూడా చేశాడు, పెద్దవాళ్ళు సాయం చేస్తారని. సాయమట! వేదిక కాస్తా మూగబోయింది.

"ఏం మనుషులండీ వీళ్ళు! తిండీ నిద్రా మానుకుని చేశాను మేడమ్. ఒక్కరూ నోరు విప్పరే! వీళ్ళకేం రోగం?" అని అరిచాడు.

మేడమ్ చెప్పులు వేసుకున్నారు.

క్యాంటీన్ వెనక మెట్ల మీద కొందరు స్కాలర్లు టీ తాగుతున్నారు. మేడమ్ గోడ ఇవతలే ఆగి, మాట్లాడొద్దని ఫణీంద్రకు సైగ చేశారు. అవతల కెజియా అనే అమ్మాయి గొంతు వినిపిస్తోంది.

"ఎండన పడి చెరువుల చుట్టూ తిరిగి పరిశోధనకు నీళ్ళు పట్టుకొచ్చింది నేను. పేపరు రాసింది నేను. రచయితల్లో మొదటి పేరు మాత్రం మా సార్ మేనల్లుడిదట! రేపే పత్రికకు పంపేస్తారట. ఒళ్ళు మండిపోతోంది!"

"ముందు ఆ మెయిల్సన్నీ భద్రం చేసుకో. ఆ వేదికలో అడక్కపోయావా? ఇలాంటివి పడ్డవాళ్ళు చాలామంది ఉంటారక్కడ," అన్నాడు పక్కనున్న అతను.

"అక్కడా!" అని కెజియా ఒక్క నవ్వు నవ్వింది.

ఆ నవ్వు ఫణీంద్రకు చెంప మీద కొట్టినట్టయింది. వెళ్ళి నాలుగు దులిపేద్దామని కదలబోయాడు. అంతలో దూరంగా కెజియా గైడు చలపతిరావు గారు క్యాంటీన్ వైపు వస్తూ కనిపించారు.

"ఉండు, ఆయన్ని పిలుస్తాను. ఆయన స్టూడెంటే కదా, సాయం చేస్తారు," అంటూ మేడమ్ చెయ్యెత్తారు.

ఫణీంద్ర చటుక్కున ముందుకు దూకాడు. ఎవరి చెయ్యి పట్టుకుంటున్నాడో కూడా చూసుకోకుండా దాన్ని పట్టి కిందికి లాగేశాడు.

"మీకేమైనా మతిపోయిందా మేడమ్?" అన్నాడు పళ్ళ బిగువున. "ఇది ఆయన చెవిన పడితే ఇంకేమైనా ఉందా! ఆ అమ్మాయి చదువు సర్వనాశనం అయిపోతుంది. ఇంక జన్మలో ఎవరి దగ్గరా నోరు విప్పదు!"

చలపతిరావు గారు ఇటు చూడకుండానే లోపలికి వెళ్ళిపోయారు. మేడమ్ చెయ్యి విడిపించుకున్నారు. ఆవిడ ముఖం కోపంతో జేవురించింది.

"మరి నీ వేదికలోకి నువ్వెందుకు పిలిచావు?" అన్నారు.