రెండో కేబుల్

పరాంకుశం మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. అమీర్‌పేటలో నెట్‌వర్కింగ్ పాఠాలు చెప్పిన రోజుల్లోనూ అంతే, అన్నీ మానేసి మల్కాజిగిరి ఇంట్లో కూర్చున్నాకా అంతే. "మనిషికి దుఃఖం ఎందుకు మాస్టారూ?" అని అడిగినవాడి చేతిలో స్క్రూడ్రైవర్ పెట్టిన ఘనుడాయన. ఆయన చెప్పిన పాఠాలు మేమంతా ఏనాడో మర్చిపోయాం. మనసు బాగోలేనప్పుడు మాత్రం ఆయన గుమ్మమే ఎక్కుతాం. ఆ ఆదివారం పొద్దున నేను వెళ్ళింది మటుకు కాఫీకి. అమ్మగారి చేతి కాఫీని మించిన వేదాంతం నాకు అక్కర్లేదు.

గ్లాసు ఇంకా చేతికి రాలేదు, చిదంబరం వచ్చాడు. నాతోపాటు మాస్టారి దగ్గర చదువుకున్నవాడే. గడ్డం మాసి, కళ్ళు లోతుకుపోయి ఉన్నాడు. వాళ్ళమ్మ బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుని ఆసుపత్రిలో ఉంది. ఆపరేషన్ ఆలస్యమైతే ఇక మంచం దిగదన్నారు. పిల్లలు ముగ్గురూ ఈ ఊళ్ళోనే ఉన్నారు: పెద్దది రాజ్యం, మధ్యలో వీడు, చిన్నవాడు గిరిధర్. ముగ్గురికీ అమ్మంటే ప్రాణం. చిక్కల్లా అక్కడే వచ్చింది. డాక్టరు రాజ్యానికి ఒక మాట చెబితే ఆవిడ చిదంబరానికి చెప్పేది, వీడు గిరికి చెప్పేవాడు, గిరి తనకు తెలిసిన ఇంకో డాక్టరుని అడిగేవాడు, ఆయన అన్నది మళ్ళీ అక్క చెవిన పడేది. అలా ఊరంతా తిరిగి అదే మాట మొదటి డాక్టరు ముందు కొత్త అనుమానమై నిలబడేది. ముగ్గురూ విడివిడిగా ఆయనకి ఫోన్లు చేసేవాళ్ళు. పాపం, ఆయనా మనిషే. "మీలో ఎవరితో మాట్లాడాలో ముందు తేల్చుకోండి. ఈ సాయంత్రంలోగా ఒక్కరు వచ్చి సంతకం పెడితే రేపు చేస్తాను, లేదంటే వచ్చే వారమే" అనేశాడట.

"ముగ్గురం అమ్మ మంచే కోరుతున్నాం మాస్టారూ. మంచి కోరేవాళ్ళు ఎక్కువైతే పని చెడుతుందా?" అన్నాడు చిదంబరం. మళ్ళీ తనే, "పోనీ అక్కే చూసుకుంటుందిలే అని నేను నోరు మూసుకుంటే, అమ్మని వదిలేసినట్టు కాదూ?" అన్నాడు.

మాస్టారు కళ్ళజోడు తీసి పంచె కొసతో తుడుచుకున్నారు. "ఈ పెట్టెకీ, పై గదిలో పెట్టెకీ కేబుల్ కలిపి రా నాయనా" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. తల్లి ఆసుపత్రిలో ఉందిరా మగడా అని వాడు మొత్తుకుంటుంటే, ఈయనకి పెట్టెల గోలేమిటి! పెట్టె అంటే నెట్‌వర్క్ స్విచ్. ఇంట్లోని టీవీ, కంప్యూటరు, వైఫై, కెమెరా ఒకదాని మాట ఒకదానికి చేరాలంటే మధ్యలో ఇది ఉండాలి, వీధికి పోస్టుమాన్ ఉన్నట్టు. మామూలువి చవగ్గా దొరుకుతాయి. మాస్టారికి అవి ఆనవు. ఎలా నడుచుకోవాలో మనం లోపలికెళ్ళి చెప్పుకోగలిగిన పెద్ద రకం, ఆఫీసులవాళ్ళు వాడి వదిలేసింది కావాలి. పై గదిలో అలాంటిది ఒకటి ఇదివరకే ఉంది. సికింద్రాబాద్‌లో పాత సామాను అమ్మే దుకాణంలో రెండోది కనబడితే ముచ్చటపడి తెచ్చి, కింద ముందుగదిలో పెట్టుకున్నారు. ఒళ్ళంతా దుమ్ము, పాత యజమాని అంటించిన స్టిక్కరు సగం ఊడి వేలాడుతోంది, ఫ్యాను పిండిమరలా రొద పెడుతోంది. "కొత్త కోడలొచ్చినట్టు మురిసిపోతున్నారు. తుడిచి చావడానికి మాత్రం నేనున్నాను" అంటూ అమ్మగారు కాఫీలిచ్చి, తన టీవీ ప్రవచనం దగ్గరకి వెళ్ళిపోయారు.

"పాత సెట్టింగులు చెరిపేశారా మాస్టారూ?" అని అడిగాడు చిదంబరం.

"లేదు. ఇన్నాళ్ళూ ఎలా బతికిందో చూడొద్దూ?"

చిదంబరం మెట్లెక్కి దిగి కేబుల్ కలిపి, టీవీ వైరు కూడా ఈ పెట్టెకి మార్చాడు. బాగానే ఉంది. అక్కడితో ఊరుకుంటే వాడు వాళ్ళ నాన్న కొడుకు ఎలా అవుతాడు? వాళ్ళింట్లో ఒక పద్ధతుంది, పెద్దాయన పెట్టిపోయింది. ఏ పనైనా ఇద్దరికి చెప్పాలి. ఉప్పు తెమ్మని ఇద్దరికి చెబితే రెండు ప్యాకెట్లు వచ్చినా ఫరవాలేదు, పని తప్పకూడదు. మూటకి రెండు ముళ్ళు, తలుపుకి రెండు గడియలు, పెళ్ళి శుభలేఖ చేత్తో ఒకటీ పోస్టులో ఒకటీ. "ఒక్కదాన్నే నమ్ముకుంటే ఎలా మాస్టారూ, అది తెగితే?" అంటూ ఆ రెండు పెట్టెల మధ్యా ఇంకో కేబుల్ కూడా లాగి బిగించాడు. మాస్టారు చూస్తూ కూర్చున్నారు.

అప్పుడు చూడాలి ఆ పెట్టెని! అంతదాకా ఒకటిక్కడ ఒకటక్కడ తీరుబడిగా మిణుకుమంటున్న పచ్చదీపాలు ఒక్కసారిగా అన్నీ కలిసి కొట్టుకోవడం మొదలెట్టాయి. పూనకం వచ్చినట్టే ఉంది. లోపల టీవీలో ప్రవచనకారుడు చెయ్యెత్తి, నోరు తెరిచి అలాగే బిగుసుకుపోయాడు. వైఫై పోయింది. ల్యాప్‌టాప్ ఉలకదు పలకదు. "ఏవండీ, మళ్ళీ ఏం వెలగబెట్టారు?" అని అమ్మగారు కేకేశారు.

"పాడైపోయిందా మాస్టారూ?" అన్నాడు చిదంబరం.

"ఏదీ పాడవలేదు" అన్నారు మాస్టారు. "ఇంట్లో ఏదో ఒకటి, టీవీయో ఫోనో, 'ఫలానావాళ్ళు ఎక్కడున్నారు?' అని ఒక్క మాట అడిగింది. ఆ కేక అందరికీ అందించడం వీటి ధర్మం. కిందది పైదానికి అందించింది. పైది రెండో దారిలో కిందదానికే అందించింది. ఇదేదో కొత్త కేక అనుకుని ఇది మళ్ళీ పైకి పంపింది. ఆ కేకకి చావు లేదురా. తిరుగుతుంది, పిల్లల్ని పెడుతుంది, అవీ తిరుగుతాయి. రెంటిలో ఏదీ తప్పు చెయ్యడం లేదు. ప్రాణం పెట్టి పనిచేస్తున్నాయి."

చిదంబరం ముఖం తెల్లబోయింది. ఒక్క మాట! ఎక్కడున్నావని ప్రేమగా అడిగిన ఒకే ఒక్క మాట ఇల్లంతటినీ మూగ చేసి కూర్చోబెట్టింది. చిదంబరం గబగబా రెండో కేబుల్ పీకబోతే మాస్టారు వాడి చెయ్యి పట్టుకుని ఆపారు. "దాని జోలికి పోకు. పైది పాపం ఇందాకటి నుంచీ జాగ్రత్త చెబుతూనే ఉంది. కిందదానికి ఆ మాట వినే గుణం ఉండేది, పాత ఆఫీసులో ఎవడో తొందరగాడు ఆపేశాడు" అని చెప్పి, పెట్టె ముందున్న బొత్తాన్ని వేలితో నొక్కి పట్టారు. దీపాలన్నీ ఆరిపోయాయి. పాత సెట్టింగులన్నీ చెరిపి, దాన్ని పుట్టిన నాటి బుద్ధికి పంపేస్తున్నారని అర్థమైంది.

అది మెల్లగా లేచింది. రెండు కేబుళ్ళ దగ్గరా పసుపు దీపాలు వెలిగాయి. ఒక్క మాట కూడా అటూ ఇటూ పోవడం లేదు.

"ఏం చేస్తోంది మాస్టారూ?"

"వింటోంది. ముందు వింటుంది. తర్వాత ఎవరెక్కడున్నారో తెలుసుకుంటుంది. ఆ తర్వాతే నోరు విప్పుతుంది. ఈలోగా తమలో పెద్ద ఎవరో రెండూ తేల్చుకుంటాయి."

"కొత్తదే పెద్దవుతుందా? బలమైనదా?" అని నేనే అడిగాను, ఉండబట్టలేక.

"పుట్టుకతో ఒక్కోదానికీ ఒక నంబరుంటుంది. ఎవరిది చిన్నదైతే వాళ్ళు పెద్ద. అంతే. రెండోది కిమ్మనదు."

పై గదిలోదే పెద్దని తేలినట్టుంది. మొదటి కేబుల్ దగ్గర దీపం పచ్చబడింది. రెండోదాని దగ్గర పసుపుగానే ఉండిపోయింది. కింది పెట్టె తనంతట తానే ఆ గుమ్మం మూసుకుంది. లోపల టీవీలో ప్రవచనకారుడు ఎత్తిన చెయ్యి దించాడు.

చిదంబరం ఆ పసుపు దీపం ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఇది చచ్చినట్టేనా మాస్టారూ?"

"పచ్చది పీకి చూడు."

పీకాడు. టీవీ ఆగిపోయింది. మేం ముగ్గురం ఆ పసుపు దీపం వైపే చూస్తున్నాం. కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత, ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ చెప్పలేదు, ఆ పసుపు దీపం పచ్చబడింది. టీవీ గొంతు మళ్ళీ లేచింది. చిదంబరం మొదటి కేబుల్ తిరిగి పెట్టాడు. మరి కాసేపటికి రెండోది చప్పుడు చెయ్యకుండా మళ్ళీ పసుపులోకి వెళ్ళిపోయింది. అలక లేదు, ఆర్భాటం లేదు. ఈ పాఠం పరీక్ష కోసం బట్టీపట్టి రాసినవాణ్ణి నేను. మార్కులు కూడా బాగానే వచ్చాయి. అయినా ఆ వేలెడు దీపానికి దణ్ణం పెట్టాలనిపించింది. ఎవరైనా చూస్తారని సిగ్గేసి కాఫీ గ్లాసు గట్టిగా పట్టుకున్నాను.

"ఎవరు చెప్పారు దీనికి, ఇప్పుడు నీ అవసరం వచ్చిందని?" అన్నాడు చిదంబరం, తనలో తాను.

"ఎవరూ చెప్పలేదు. గుమ్మం మూసుకుంది గానీ, చెవులు మూసుకోలేదు" అన్నారు మాస్టారు.

చిదంబరం ఫోను తీసి వాళ్ళక్కకి చేశాడు. ఫ్యాను రొదలో వినబడదని స్పీకరు పెట్టాడు, అవతలి గొంతు కూడా మాకు వినబడుతూనే ఉంది.

"అక్కా, నువ్వెళ్ళి సంతకం పెట్టెయ్. ఇకనుంచి డాక్టరుతో నువ్వొక్కదానివే మాట్లాడు. నేను చెయ్యను. గిరికి నేను నచ్చజెబుతాను."

"కోపమొచ్చిందట్రా?" అంది రాజ్యం.

"లేదక్కా, నీ మీదొట్టు."

ఆవిడ గొంతు చిన్నపిల్ల గొంతైపోయింది. "ఏదైనా తేడా వస్తే, నావల్లే అయిందని అంటార్రా మీరిద్దరూ?"

"అనం అక్కా. ఎప్పటికీ అనం."

"రేపు నువ్వుంటావుగా?"

"ఉంటాను. తలుపు బయటే కూర్చుంటాను." అంతవరకే అనగలిగాడు. ఫోను పెట్టేసి, మొగాణ్ణన్న సంగతి మర్చిపోయి వెక్కి వెక్కి ఏడ్చాడు. అమ్మగారు వచ్చి, ఏమిటని అడక్కుండా వాడి వీపు నిమిరారు. నేను కిటికీ వైపు తిరిగాను. నా కళ్ళ సంగతి మీకెందుకు?

వాడు ముఖం కడుక్కుని, చెప్పులేసుకుని, గుమ్మం దాటబోతూ మళ్ళీ వెనక్కి చూశాడు. ఎంతైనా పని నేర్చినవాడు కదా, సగంలో వదిలి వెళ్ళడానికి మనసొప్పలేదు. "మాస్టారూ, ఆ రెండో కేబుల్ ఊరికే పడుంది. తీసెయ్యమంటారా?"

మాస్టారు కళ్ళజోడు పెట్టుకున్నారు. "ఎందుకురా? అదుందన్న ధీమాతోనే కదా మొదటిది మోస్తోంది" అన్నారు.