నూకయ్య వేలు

అనగా అనగా, మన తాతల తాతలకి కూడా తాతలున్న కాలంలో, ఒక ఏరు. ఏటికో రేవు. రేవుకో పడవ. పడవకో జట్టు. ఆ పడవ పక్కన సున్నంతో గీసిన ఒక గీత.

ముందు ఆ గీత సంగతి చెప్పాలి. జనం ఎక్కేకొద్దీ పడవ నీళ్ళలోకి దిగుతుంది కదా. నీళ్ళు గీతని తాకాయంటే ఇక చాలు, ఒకరు దిగాలి. చివర ఎక్కినవాడే దిగాలి. వాడు ఊరి మునసబైనా సరే, కావిడి మోసేవాడైనా సరే, గీతకి ఒకటే.

జట్టులో ఏడుగురు. ఆరుగురు గడలు వేసేవాళ్ళు. ఏడోవాడు నూకయ్య. సగానికి కోసిన ఎండు సొరబుర్రతో పడవలోకి ఊరే నీళ్ళు తోడిపోయడం వాడి పని. అమావాస్య అమావాస్యకీ పడవని ఒడ్డెక్కించి, గీతమీద వేలితో మళ్ళీ సున్నం పూయడం కూడా వాడి పనే. గడ వేసేవాడి పేరు ఊరంతా తెలుస్తుంది. నీళ్ళు తోడేవాడి పేరు ఎవరిక్కావాలి?

జట్టుకి పెద్ద సరంగు అప్పలస్వామి. నూకయ్యకి సొంత మేనమామ. మంచివాడు. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే కథలో చిక్కంతా అక్కడే ఉంది.

ఒక ఏడాది వరద వచ్చింది. అవతలి ఊరు మునిగింది. జనం ఇళ్ళ కప్పులెక్కి అరుస్తున్నారు. అప్పలస్వామి పడవ తీశాడు. అందిన కప్పుల మీద ఉన్నవాళ్ళందరూ ఎక్కారు. గీత మునిగింది. వేలెడు మునిగింది, రెండు వేళ్ళు మునిగింది, నాలుగు వేళ్ళు మునిగింది. "ఒకరు దిగాలి" అనబోయి నూకయ్య ఆగిపోయాడు. ఎవర్ని దిగమంటాడు, ఎక్కడికి దిగమంటాడు?

"ముందు మనిషి, తర్వాత గీత" అన్నాడు అప్పలస్వామి.

మూడు రోజులు తిరిగారు. మూడు వందలమందిని దాటించారు. నూకయ్య చేతికున్న సొరబుర్ర ఆగలేదు. చివర్లో అమ్మమ్మ ఇంటికని అవతలి ఊరెళ్ళిన నూకయ్య కూతురు కనబడింది, చెట్టుకొమ్మ పట్టుకుని. అప్పలస్వామి దూకి, ఆ పిల్లని నడుముకి కట్టుకుని ఈదుకొచ్చాడు.

రాజు కబురు విన్నాడు. జట్టుని పిలిపించాడు. పెద్ద వెండి గంట ఇచ్చి, పడవ ముందు కట్టుకోమన్నాడు. పడవ కదిలితే గంట మోగేది. గంట మోగితే రెండొడ్లా జనం దణ్ణాలు పెట్టేవారు. "ముందు మనిషి, తర్వాత గీత" అన్న మాట పిల్లల నోట కూడా ఆడింది.

గంట కట్టిన రోజు నూకయ్య మేనమామతో హాస్యమాడాడు. "గంట ఓ మనిషంత బరువుంది మావా. ఇది ఎక్కింది గాబట్టి ఒకరు దిగాలి." అందరూ నవ్వారు. నూకయ్యా నవ్వాడు.

ఆ తర్వాత సంత రోజొచ్చింది. జనం ఎక్కారు, గీత వేలెడు మునిగింది.

"ఒకరు దిగాలి" అన్నాడు నూకయ్య.

గడలవాళ్ళు వాడి వంక వింతగా చూశారు. వరదలో నాలుగు వేళ్ళు మునగలేదేటి, అప్పుడేటయింది అన్నారు. పడవ కదిలింది. గంట మోగింది. క్షేమంగా అవతలొడ్డు చేరింది.

నూకయ్యకి అర్థం కాలేదు. నిజమే, అప్పుడూ గీత మునిగింది. అప్పుడు అది పుణ్యం. గీత అదే, ఏరదే, మనుషులూ వాళ్ళే. మరి ఇప్పుడు తనకి ఇది తప్పని ఎందుకనిపిస్తోంది?

మళ్ళీ సంత వచ్చింది. ఈసారి గీత రెండు వేళ్ళు మునిగింది. నూకయ్య నోరు తెరిచేలోగా, కుండలమ్మే గౌరమ్మ పడవలోంచే అంది, నీళ్ళు గీత దాటాయి బాబూ అని.

అప్పలస్వామి మొహం వాడిపోయింది. నిజంగానే మనసు నొచ్చుకున్నాడు. "మమ్మల్నే అనుమానిస్తావా అమ్మా? మూడు వందల ప్రాణాలు నిలబెట్టిన చేతులివి."

అంతే, పడవంతా గౌరమ్మ మీద పడింది. విశ్వాసం లేనిదంది. వరదలో ఏ పడవెక్కి వచ్చావే అంది. గంపతో సహా ఆమెని దించేశారు. చూడండి న్యాయం! బరువెక్కువైందని దించలేదు, అడిగిందని దించారు.

"ఒకరు దిగాలంటావు. దిగారు కదరా" అన్నాడు అప్పలస్వామి.

నూకయ్య తలూపాడు. లెక్క సరిపోయినట్టే ఉంది. ఎక్కడో తప్పింది. ఎక్కడో తెలియలేదు.

ఇంటికెళ్ళి పెళ్ళాం సింహాలమ్మతో చెప్పుకున్నాడు. ఆమె చేపలు తోముతూ వింది.

"వరదలో ఎవర్ని ఎక్కించుకున్నారు?"

"మునిగిపోయేవాళ్ళని."

"ఇప్పుడు?"

"ఒడ్డున నించున్నవాళ్ళని."

"ఒడ్డునున్నోడు మునగడు కదయ్యా. మీరే తీసుకెళ్ళి ముంచాల."

ఆ మాట నూకయ్యకి చురుక్కున తగిలింది. పొద్దున్నే మేనమామతో చెప్పేద్దామనుకున్నాడు. ఆ పొద్దు అమావాస్య. సున్నం కలుపుకుని రేవుకెళ్ళాడు. వాడు నోరు విప్పకముందే అప్పలస్వామి అన్నాడు, ఈసారి గీత బెత్తెడు పైకి గియ్యమని. రోజూ గీత మునిగి కనబడితే జనం ఏమనుకుంటారు, జట్టుకున్న మంచి పేరు ఏంగాను, అన్నాడు.

నూకయ్య మేనమామ చేతులకేసి చూశాడు. తన కూతుర్ని ఏట్లోంచి తెచ్చిన చేతులు. ఇలాంటి మనిషి చెడ్డ పని చెప్తాడా? చెప్తే అది చెడ్డ పని ఎలా అవుతుంది? సింహాలమ్మ మాట నోటిదాకా వచ్చింది. ఆ చేతుల్ని చూసి మళ్ళీ లోపలికెళ్ళిపోయింది.

పాత గీత చెరిపాడు. బెత్తెడు పైన కొత్త గీత గీశాడు. తన వేలితోనే గీశాడు.

మూడో సంత వచ్చింది. గౌరమ్మ కూడా వచ్చింది. ఏరు దాటడానికి ఆమెకి వేరే దారేది? మాట్లాడకుండా మూల కూర్చుంది. జనం ఎక్కారు, ఎక్కారు, ఇంకా ఎక్కారు. కొత్త గీత మునగలేదు. గంట మోగింది.

నడి ఏట్లో పక్కగాలి లేచింది. అల వచ్చినప్పుడల్లా నీళ్ళు అంచు దాటి లోపలికి దూకుతున్నాయి. నూకయ్య తోడుతున్నాడు. ఒక బుర్ర తోడితే రెండు బుర్రలు పడుతున్నాయి. వంగి గీతకేసి చూశాడు. నీళ్ళు ఇంకా దానికి వేలెడు కిందే ఉన్నాయి. గీత బాగుందంటోంది. పడవ మునుగుతోంది.

"గంట విప్పి పారేద్దాం మావా."

"రాజిచ్చిందిరా అది. మన పుణ్యమది."

"అయితే ఒకరు దిగాలి."

"నడి ఏట్లో దిగేదెవర్రా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. నూకయ్య చుట్టూ చూశాడు. తల్లులున్నారు, పిల్లలున్నారు. అందరూ ఒడ్డున నించున్నవాళ్ళే. తనే తెచ్చి ఏట్లో పెట్టాడు.

సొరబుర్ర గౌరమ్మ చేతిలో పెట్టాడు. "ఆపకు" అన్నాడు.

తర్వాత మేనమామని ఒక్కటి అడిగాడు. "వరదలో మనం చేసింది మంచిదే కదా మావా?"

"మంచిదేరా."

"మరి ఇదేటి?"

నూకయ్య అంచు దాటి నీళ్ళలోకి దిగిపోయాడు.

పడవ వేలెడు పైకి లేచింది. ఆ వేలెడే చాలింది. గౌరమ్మ తోడుతూనే ఉంది. పడవ ఒడ్డు చేరింది. ఈదుకొస్తాడని అందరూ ఏటికేసి చూశారు. అంతసేపు తోడి తోడి చచ్చుబడిన చేతులు ఎంతని ఈదుతాయి? మర్నాడు దిగువ ఇసుక తిన్నె మీద దొరికాడు. వేలి గోట్లో సున్నం ఇంకా ఉందంటారు.

అప్పలస్వామి తన చేతులతో గంట విప్పాడు. ఒడ్డున రాట పాతి దానికి కట్టాడు. కొత్త గీత చెరిపేశాడు. పాత గీత ఉన్నచోట వెతికి, దానికి ఒక వేలు కింద గీశాడు. ఆ తర్వాత బతికినంతకాలం గడ ముట్టలేదు. నీళ్ళు తోడాడు.

ఇప్పటికీ ఆ రేవులో, పాత గీత చోటుకీ ఇప్పటి గీతకీ మధ్యనున్న ఆ వేలెడు సందుని నూకయ్య వేలంటారు. నీళ్ళు గీతని తాకితే ఎవరూ ఎవర్నీ దిగమనక్కర్లేదు. చివర ఎక్కినవాడు, "నూకయ్య దిగాడు" అని తనే దిగుతాడు. కొత్తగా జట్టులో చేరినవాడు ముందు నీళ్ళు తోడాలి. వరద కథ చెప్పుకోవాలంటే ఒడ్డున గంట దగ్గర చెప్పుకోవాలి, పడవలో చెప్పకూడదు.

పిల్లలు అడుగుతారు, మళ్ళీ వరదొస్తేనో అని. వరదొస్తే గీత చూడం అంటారు పెద్దలు. వరద తీశాక మాత్రం, సున్నం కలుపుకుని ముందు గీత దగ్గరికే వెళ్తాం అంటారు. ఈ రెంటికీ తేడా ఏమిటని అడిగితే, నూకయ్యకీ తెలీలేదు, మాకూ పూర్తిగా తెలీదు, అందుకే కదా గీత అంటారు.

ఎంత గొప్పవాడు పడవెక్కడానికి వచ్చినా, రేవువాళ్ళు ఆ గంట చూపించి ఒకే మాట అంటారు. "పుణ్యం ఒడ్డున దించి ఎక్కు బాబూ."